చూపు కానుక

షర్షెన్ బైకే నా కొట్టులోకి రాగానే చేసే మొదటి పని కంప్యూటరు తెర తుడవడం. పొద్దున్నే నేను తుడిచే ఉంటాను. అయినా జేబులోంచి రుమాలు లాగి, తెర మీద ఊది, మూలమూలలా రుద్ది, అప్పుడు గానీ కుర్చీలో కూర్చోడు. ఆ రుమాలుకి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది కాబట్టి ఆయన వెళ్లాక నేను మళ్లీ తుడుచుకోవాలి.

"నీ డబ్బాలో నీలం చచ్చిపోయింది, నురీపా."

"చావలేదు బైకే. దాని నీలం అంతే."

"ఇది నీలమా? పాచి పట్టిన నీళ్లలా ఉంటే!"

"అయితే బిష్కెక్ వెళ్లి కొత్త తెర కొనుక్కురా. వద్దన్నానా?"

బైకే అంటే అన్న. వరసకి అన్నే అయినా మేం మాట్లాడుకుంటే పక్కన రొట్టెలు కాల్చేవాడు దెబ్బలాటనుకుని తొంగి చూసేవాడు. కొండల నడుమ మా కొచ్కోర్ ఊరి బజారులో ఆ రొట్టెల పొయ్యి పక్కనే నా జిరాక్సు కొట్టు. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను, కాగితాలకి నకళ్లు తీస్తాను, మాస్కోలో పని చేసుకునే మావాళ్లతో ఇక్కడివాళ్లని మాట్లాడిస్తాను. మా నెట్టు నత్తనడక. ముఖాలు వచ్చేవి కావు, మాటలే వచ్చేవి. ఊళ్లో సగం ఇళ్ల ఏడుపులూ నవ్వులూ నా కొట్టులోనే జరిగాయి. నేను అటు తిరిగి కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని. చెవులు మాత్రం ఎక్కడ మూసుకోను?

షర్షెన్ బైకే బొమ్మలేసేవాడు. సర్కారు సామూహిక వ్యవసాయ క్షేత్రం ఉన్న రోజుల్లో గోడల మీద నినాదాలు, గోధుమ కంకులు వేశాడు. క్షేత్రం పోయాక క్లబ్బులో నాటకాల తెరలు వేశాడు. తెరలు వేయించేవాళ్లూ పోయాక బజారులో బోర్డులు వేశాడు. కటికవాడి కొట్టు మీద గొర్రె ఆయన వేసిందే. కోసే చోట నిలబడి కూడా అది నవ్వుతూ ఉంటుందని ఊరంతా ఎగతాళి చేశారు. "దానికి తెలీదు కదా పాపం," అన్నాడాయన, నవ్వకుండా.

ఆయన భార్య సబీరా వదిన బడిలో వంట చేసేది. బడి వంటిల్లు మూతపడ్డాక మాస్కో వెళ్లింది. అక్కడో హోటల్లో దుప్పట్లు ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం. వెళ్లేటప్పుడు "ఒక్క చలికాలం" అంది. ఎన్ని చలికాలాలు గడిచాయో లెక్కపెట్టడం తర్వాత ఇద్దరూ మానేశారు.

బ్లాగు మొదలైంది కూడా ఆవిడ వల్లే. ఒకరోజు నా కొట్టులో కూర్చుని మాట్లాడుతున్నాడు. అటునుంచి వదిన అడిగింది.

"ఆపిల్ చెట్టు ఎలా ఉంది?"

"ఉంది."

"ఉందంటే? పూసిందా?"

"పూసింది."

"ఎంత పూసింది? కాలువ వైపు కొమ్మ బతికిందా, పోయిందా? నీతో మాట్లాడటం కన్నా ఆ చెట్టుతో మాట్లాడటం నయం!"

బొమ్మలేసేవాళ్లకి మాటలు రావని కాదు, మా బైకేకి రావు. మర్నాడు చెట్టు బొమ్మ వేసి, తడి ఆరకుండానే చంకన పెట్టుకొచ్చాడు. నా బల్లంతా తెల్ల రంగు. "ఇది ఆవిడకి కనిపించేట్టు చెయ్యి," అన్నాడు. ఫోటో తీసి, బ్లాగొకటి తెరిచి అందులో పెట్టాను. కాలువ వైపు కొమ్మకి నాలుగు పూలున్నాయి. ఆ సాయంత్రం వదిన ఫోన్ చేసి బొమ్మ గురించి ఒక్క మాటా అనలేదు. "కొమ్మ బతికింది," అంది, అంతే. నేను కాగితాలు సర్దుకున్నాను.

అప్పట్నుంచి వారానికో బొమ్మ. ఇంటి ముందు వీధి, పొగ గొట్టాలు, ఆలుగడ్డల పొలం, ఎండాకాలం గుర్రాల్ని తోలుకెళ్లే కొండ దారి. బొమ్మ కింద ఏం రాయాలో ఆయన చెబితే నేను టైపు కొట్టేదాన్ని. అది చెప్పడానికి ఒక పూట పట్టేది. చివరికి "పొద్దున. గాలి ఉంది" అని రెండు ముక్కలు చెప్పి లేచిపోయేవాడు. బ్లాగు కదా, ఎవరెవరో చూడటం మొదలుపెట్టారు. ఒకసారి ఎవడో "సూపర్" అని రాశాడు.

"ఎవరితను?" అన్నాడు బైకే.

"నాకేం తెలుసు? ఏ ఊరివాడో."

"ఎంతసేపు నిలబడ్డాడు బొమ్మ ముందు?"

"నిలబడటమేంటి బైకే! కూర్చునో పడుకునో చూసుంటాడు."

"మరి టీ?"

"ఏ టీ?"

"మనింటికొచ్చి బొమ్మ చూస్తే టీ తాగకుండా వెళ్తాడా? ఎవరో కిటికీలోంచి తొంగి చూసి, బాగుందని అరిచి పారిపోయినట్టుంది."

నాకు నవ్వొచ్చింది గానీ ఆయనకి రాలేదు. చూసినవాళ్ల అంకె పేజీ అడుగున పెరుగుతూనే ఉండేది. "ఇంతమంది చూశారు బైకే" అని నేను మురిసిపోతే, వాళ్లందరిలో ఒక్కడి చెప్పుల చప్పుడైనా వినపడలేదే అని ఆయన బాధ.

ఇక్కడో మాట చెప్పాలి. మా దగ్గర కొత్తది ఏదైనా ఉత్త చేతులతో చూడరు. కొత్త కోడలి ముఖమైనా, పురిటిబిడ్డ ముఖమైనా, పొరుగువాడు కొన్న పాత కారైనా సరే, చూసినవాళ్లు చూపు కానుక ఇవ్వాలి. తలగుడ్డో, మేజోళ్లో, ఏమీ లేకపోతే గుప్పెడు మిఠాయిలో. పెళ్లిలో కోడలిని తెర వెనక కూర్చోబెడతారు. కానుక ఇచ్చాకే తెర తొలగుతుంది. కానుక పుచ్చుకున్నాక మాత్రం చూపించనని అనకూడదు, అది పెద్ద తప్పు. ఇవ్వకుండా చూసినవాడిదేమో దొంగచూపు.

అందుకే బైకే ఫోన్లో వదినని ఏడిపించేవాడు. "చూశావు సరే, కానుకేదీ?"

"ఫోన్లో చూసినదానికి కూడానా?"

"అంటే చూడలేదనేగా. వచ్చి చూడు మరి."

"వస్తాలే. నువ్వు నీ పాత ముఖం కడుక్కుని ఉండు."

"నీ ముఖమన్నా పంపు. ఒక్క ఫోటో."

"జుట్టుకి రంగేసుకున్నాక పంపుతాలే."

ఆ రంగు ఎన్నేళ్లయినా వేసుకోలేదావిడ. ఫోటో రాలేదు.

ఒక వసంతంలో బైకే బొమ్మలు తేవడం మానేశాడు. జబ్బు చేసిందేమోనని నేనే వాళ్లింటికి వెళ్లాను. మా కొట్టులో తీసిన ఫోటోలన్నీ గోడకి గుచ్చి, వాటి ముందు నిలబడి తనని తాను తిట్టుకుంటున్నాడు.

"చూడు నురీపా, ఇది గుర్రమా ఏనుగా?"

"గుర్రమే."

"కొండకన్నా పెద్దగా ఉంటుందా గుర్రం? ఆవిడ ఫోను అగ్గిపెట్టంత. అందులో కనిపించాలని గుర్రాన్ని పెంచుకుంటూ పోయాను. గుర్రం పెరిగేకొద్దీ కొండ తగ్గిపోయింది. ఇళ్లు పెద్దవైపోయాయి, ఆకాశం ఇంత పేలికైంది. ఇది మన ఊరు కాదు. ఇన్నాళ్లూ ఆవిడకి వేరే ఊరు చూపించాను."

అప్పుడే చెప్పాడు, ఫోన్లో పట్టని బొమ్మ ఒకటి వేస్తున్నానని. తలుపంత బొమ్మ. దాన్ని ఫోటో తీయనివ్వడట. బ్లాగులో పెట్టడట. సబీరా వచ్చి, ఎదురుగా నిలబడి మొదట చూడాలట. ఆవిడని రప్పించడానికి బొమ్మలన్నీ క్లబ్బు గోడలకి తగిలించి ఊరికి చూపిస్తాడట. "మొగుడి బొమ్మలు ఊరంతా చూస్తుంటే పెళ్లాం రాకుండా ఉంటుందా?" అన్నాడు. అడగడానికే నోరు రాని మనిషి ఇంత పథకం వేశాడంటే ఎంత బెంగ పడ్డాడో అనిపించింది.

క్లబ్బు చూసుకునే మామ్‌బెత్ ఒప్పుకోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా.

"బ్లాగులో ఊరంతా చూసేశారుగా షర్షెన్. మళ్లీ గోడకెందుకు, ఆ మేకులు ఎందుకు?"

"నువ్వు ఫోన్లో పొట్టేలు మాంసం ఫోటో చూస్తే భోజనం మానేస్తావా?"

మామ్‌బెత్ బొజ్జ తడుముకుని హాలు తాళాలు ఇచ్చాడు.

ఆలుగడ్డలు తవ్వడం అయ్యాక, కొండల మీదికి పశువుల్ని తోలుకెళ్లినవాళ్లు దిగి వచ్చాక, ప్రదర్శన పెట్టాం. వదినకి సెలవు దొరికిందనీ, కదీర్ బస్సులో వస్తోందనీ కబురొచ్చింది. కదీర్ మా ఊరివాడే, మాస్కో బస్సు తోలేవాడు. బైకే గడ్డం గీసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. హాలు చివరి గోడకి ఆ పెద్ద బొమ్మని తగిలించి, దాని మీద తమ పెళ్లి తెర కప్పాడు. సబీరా వదినని కోడలిగా కూర్చోబెట్టిన తెరే. మడతలు పడ్డ చోట ఎరుపు వెలిసిపోయింది.

జనం వస్తారో రారోనని నాకే భయంగా ఉండింది. వచ్చారు. ఉత్త చేతులతో ఒక్కరూ రాలేదు. మేజోళ్లు తెచ్చారు, మిఠాయిలు తెచ్చారు, కటికవాడు నవ్వే గొర్రెని వేసినందుకు ఏకంగా తొడ మాంసమే తెచ్చాడు. తలుపు దగ్గర బల్ల నిండిపోయింది. బొమ్మల ముందు ఎవరిల్లు వాళ్లు వెతుక్కున్నారు.

"నాది పొగ గొట్టం ఒక్కటే వేశావేరా?" అన్నాడో ముసలాయన.

"మిగతా ఇల్లు మీ ఆవిడ వెనక ఉంది మామా."

కలీచా అవ్వ వెన్న ముద్ద తెచ్చి బల్ల మీద పెట్టి, పొలం బొమ్మ ముందు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది. ఊళ్లో అందరికన్నా పెద్దది, ఎవరినైనా తిట్టే హక్కున్నది.

"ఒరే షర్షెన్, కాలువ ఇటు పోదురా!"

"మలుపు తిప్పానవ్వా, అందంగా ఉంటుందని."

"నీ అందం తగలెయ్య! నా ఆలుగడ్డలకి నీళ్లు నువ్వు పోస్తావా?"

ఆయన పకపకా నవ్వాడు. ఆ మనిషి పళ్లు నేను అంతకు ముందు చూడలేదు. ఒక్కో బొమ్మ ముందూ మనుషులు నిలబడుతుంటే, వెనకాలే వెళ్లి వాళ్ల వీపులు చూసేవాడు. మా రొట్టెలవాడు కొండ దారి బొమ్మ ముందు ఆగిపోయి, టీ చల్లారిపోయినా కదల్లేదు. "వీడు నిలబడ్డాడు చూశావా," అన్నాడు బైకే నా చెవిలో.

తెర దగ్గర మాత్రం గొడవే. కలీచా అవ్వ తెర అంచు పట్టుకుంది.

"కానుకిచ్చాను, చూపించు."

"వెన్న ఆ బొమ్మలకి అవ్వా. దీనికి కాదు. ఇది సబీరా చూశాకే."

"ఎప్పుడొస్తుంది నీ మహారాణి?"

"దారిలో ఉంది."

దారిలో ఉందనే మాట మీద ప్రదర్శన ఇంకా కొన్ని రోజులు సాగింది. మామ్‌బెత్ హాలు పెళ్లికి కావాలని సణుగుతున్నా బైకే చెవిన పెట్టలేదు. కానుకల మాంసం వండి మామ్‌బెత్‌కే పెట్టాం, నోరు మూసుకున్నాడు. ఒక మధ్యాహ్నం కదీర్ హాల్లోకి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చేతిలో పొట్లం ఉంది.

"సబీరా అక్క పంపింది. చూపు కానుక."

హాలంతా గోల చేసింది. "కానుక పంపింది! సబీరా కానుక పంపింది!" అని చప్పట్లు కొట్టారు. బైకే పొట్లం విప్పాడు. తోలు చేతిగ్లౌజులు, లోపల బొచ్చు. కుడి చేతి గ్లౌజుకి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు కొసల్లో కత్తిరించి, అంచులు సన్నగా కుట్టి ఉన్నాయి. చలికాలం కుంచె పట్టుకోడానికి. ఆయన తొడుక్కుని వేళ్లు ఆడించాడు. సరిగ్గా సరిపోయాయి. అప్పుడు ముఖం మారింది. నాకూ అప్పుడే తెలిసింది. వచ్చే మనిషి కానుక చేత్తో తెస్తుంది గానీ ముందు పంపదు.

"ఆవిడ రావట్లేదు కదూ," అన్నాడు.

కదీర్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "బస్సు దాకా వచ్చింది బైకే. సంచితో సహా వచ్చింది. ఇప్పుడు వెళ్తే నీ చోట ఇంకొకరిని పెట్టుకుంటామన్నారట హోటలువాళ్లు. కాగితాలు కూడా సరిగ్గా లేవు. ఒకసారి సరిహద్దు దాటితే మళ్లీ రానిస్తారో లేదో. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, తీసేసింది."

"ఏమంది?"

"నురీపా చేత ఫోటో తీయించి బ్లాగులో పెట్టమంది. కానుక ముందే ఇచ్చేశాను, ఇప్పుడు కాదనడానికి వీల్లేదని చెప్పమంది."

గడుసుది మా వదిన. బొమ్మ దాచి ఆవిడని రప్పించాలని ఈయన చూస్తే, ఆచారం పట్టుకుని ఈయన చేత తెర తీయించబోయింది ఆవిడ. నేను కెమెరా తెచ్చాను. ఏం చేయను మరి? కానుక పుచ్చుకున్నాడు, చేతులకి తొడుక్కున్నాడు కూడా.

"తియ్యరా నాయనా," అంది కలీచా అవ్వ మెత్తగా. "పుచ్చుకుని చూపించకపోతే తప్పు."

"చూపించనన్నానా అవ్వా?"

తెర తీయలేదు. తెరతో సహా బొమ్మని మేకు మీద నుంచి దించి, నేల మీద పడుకోబెట్టి, మామ్‌బెత్ దగ్గరున్న జెండా తాడు లాక్కుని నాలుగు వైపులా కట్టడం మొదలుపెట్టాడు.

"మళ్లీ ఎప్పుడు బయలుదేరతావు కదీర్?"

"నువ్వా? పక్కనున్న బాలిక్‌చీ ఊరు దాటితేనే వాంతులు చేసుకుంటావు, నువ్వు మాస్కో దాకానా?"

"చేసుకుంటూ వస్తాను."

"ఇంత బొమ్మ బస్సులో పట్టదు బైకే."

"పైన కట్టు. వానొస్తే నేనూ పైనే కూర్చుంటా."

ఎవరూ ఆపలేదు. కలీచా అవ్వ దారిలో తినమని తన వెన్న తానే తిరిగిచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా మేం రోడ్డు మీదే నిలబడ్డాం. బస్సు నెత్తిన ఆ వెలిసిపోయిన ఎరుపు కనిపిస్తూనే ఉంది.

తర్వాత నా కంప్యూటరుకి ఒక ఫోటో వచ్చింది. వదిన స్నేహితురాలెవరో ఓరగా, పక్కనుంచి తీసిందట. అది హోటలు వెనక దొడ్డి. చక్రాల బండ్ల నిండా మాసిన దుప్పట్లు. బైకే మా వైపు వీపు పెట్టి బొమ్మని ఎత్తి పట్టుకున్నాడు. మాకు కనిపించేది బొమ్మ వెనక వైపే, బట్టా అడ్డ చెక్కలూ. చెక్క అంచు మీద కొసలు కోసిన గ్లౌజూ, మూడు వేళ్లూ. బొమ్మకి అవతల సబీరా వదిన నిలబడి ఉంది. చలికి పెళ్లి తెర భుజాల చుట్టూ కప్పుకుంది. కళ్లు బొమ్మ మీదే ఉన్నాయి.

జుట్టుకి రంగు వేసుకోలేదు.

కాసేపటికి బైకే ఫోన్ చేశాడు. "బ్లాగులో పెట్టు."

"కింద ఏం రాయను?"

ఈసారి పూట పట్టలేదు. "చూసింది, అని రాయి."

ఆ బొమ్మలో ఏముందో నాకీనాటికీ తెలీదు. అడిగితే చెప్పడు. అది వదిన ఉండే గదిలో గోడకి ఉందట. గదిలో మిగతా ఆడవాళ్లంతా కానుకలిచ్చి చూశారట, పనిలోకి వెళ్లేముందు ఎవరో ఒకరు దాని ముందు నిలబడతారట. ఆయన మాత్రం తిరిగొచ్చేశాడు. ఇద్దరూ అక్కడే ఉండిపోతే ఆపిల్ చెట్టుకి నీళ్లెవరు పోస్తారని ఆవిడే బస్సెక్కించిందట.

ఆయన వచ్చేలోపు ఊరంతా నా కొట్టుకి వచ్చి ఆ ఫోటో చూసి వెళ్లింది. కలీచా అవ్వ ముక్కు తెరకి ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత కోటు జేబులో వెతికి రెండు మిఠాయిలు తీసి కంప్యూటరు ముందు పెట్టింది.

"ఇదేంటవ్వా? బొమ్మ కనిపించట్లేదుగా."

"బొమ్మకెవరిచ్చారే! ఈ పిల్ల ముఖానికి. పెళ్లినాడు తెర తీసినప్పుడు తలగుడ్డ ఇచ్చాను. ఆ ముఖం వేరు. ఇది నేనెప్పుడూ చూడని ముఖం."

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. నా వెనక ఉన్న రొట్టెలవాడు వెళ్లి వేడి రొట్టె తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ ఉత్త చేతులతో చూడలేదు.

తిరిగొచ్చిన మర్నాడే బైకే కొట్టులోకి వచ్చి రుమాలు తీశాడు. తెర చుట్టూ మేజోళ్లు, గాజు గిన్నె, తలగుడ్డ, మిఠాయిలు చూసి ఆగిపోయాడు.

"ఏంటివన్నీ?"

"చూపు కానుకలు. వదిన ముఖం చూసినందుకు."

ఆయన ఫోటో వంక చూశాడు. ఆ రోజు బొమ్మ చాటునుండి తనకి కనిపించని ముఖం అది, బొమ్మ చూస్తున్నప్పటి ముఖం. రుమాలుతో తెర తుడవలేదు, కళ్లు తుడుచుకున్నాడు. ముక్కు మీద నీలం అంటుకుంది. నేను చెప్పలేదు.

"మూటకట్టి కదీర్‌కి ఇవ్వనా బైకే? ఆవిడవేగా."

"వద్దు," అన్నాడు. "వచ్చి తీసుకోమని రాయి."

రాశాను. కానుకలు ఇంకా నా కొట్టులోనే, కంప్యూటరు పైన అరలో ఉన్నాయి. మిఠాయిలు రాళ్లలా గట్టిపడ్డాయి. పారేద్దామంటే బైకే ఒప్పుకోడు.